"మరియు", "లేదా": సంయుక్త అసమీకరణాలను గీయడం, రాయడం ఎలా?

ఈ పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు మీద లెక్క రాయను. రైల్లో అరటికెట్ ఎవరికిస్తారని పిల్లల్ని అడుగుతాను. "చిన్నపిల్లలకి" అంటారు. ఎంత చిన్న? నాలుగేళ్ల వాడికి అసలు టికెట్టే అక్కర్లేదు. పన్నెండు నిండితే పూర్తి టికెట్. బెర్తు అడగకుండా ప్రయాణించే పిల్లల్లో, ఐదేళ్లు నిండి పన్నెండు నిండని వాళ్లకే అరటికెట్. వయసును "వ" అనుకుంటే ఇక్కడ రెండు షరతులున్నాయి:

వ ≥ 5
వ < 12

ఒకటి నెరవేరితే చాలదు, రెండూ నెరవేరాలి. ఒకటి ఇంకోదాని కంటే ఎక్కువో తక్కువో చెప్పే ఇలాంటి ఒక్కో షరతునూ అసమీకరణం అంటారు. రెండు అసమీకరణాలను "మరియు"తో గానీ "లేదా"తో గానీ కలిపితే వచ్చేదే సంయుక్త అసమీకరణం. అమెరికాలో చదివే మన పిల్లలకు ఇది ఆల్జీబ్రా 1లో వస్తుంది. ఇక్కడ సీబీఎస్ఈ వాళ్లకు 11వ తరగతి రేఖీయ అసమీకరణాల పాఠంలో తగులుతుంది. లెక్కగా చూస్తే కష్టమైంది కాదు. కూడికా తీసివేతా వచ్చినవాడు చేసేయగలడు. అయినా మార్కులు పోతుంటాయి. నేను దిద్దిన పేపర్లలో తప్పులు ఎక్కువగా రెండే చోట్ల దొరుకుతాయి: కలిపే మాట దగ్గర, చివరి చుక్క దగ్గర. అందుకే ఈ రెంటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటేస్తాను.

తెలియని రాశికి ఇక్కడ "య" అని రాస్తున్నాను. మీ పుస్తకంలో ఎక్స్ ఉంటే అదే ఇది. కొత్తగా నేను పెట్టిందేమీ కాదు, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు కూడా తెలియని రాశిని "యావత్తావత్" అనేవాడు, పొట్టిగా "యా" అని రాసేవాడు.

ముందు మాటల్ని గుర్తుల్లోకి మార్చాలి

గుర్తులు నాలుగే: <, >, ≤, ≥. వీటిలో < , > అచ్చులో కనబడింది 1631లో, ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ చనిపోయిన పదేళ్లకు వెలువడిన ఆయన పుస్తకంలో. గుర్తులు గుర్తుపెట్టుకోవడం ఎవరికీ ఇబ్బంది కాదు. మన మాటల్లో ఏది ఏ గుర్తు అవుతుందో తేల్చుకోవడమే ఇబ్బంది.

"నిండిన" అంటే ≥. 18 ఏళ్లు నిండితే ఓటు హక్కు, పద్దెనిమిదో పుట్టినరోజు నాడు కూడా అర్హుడే. "నిండని" అంటే <. "కనీసం 35 మార్కులు" అంటే ≥ 35. "తగ్గకూడదు" అన్నా అదే గుర్తు. "మించకూడదు", "గరిష్ఠంగా" అంటే ≤. ఇక్కడ చాలామంది పొరబడతారు. "50 మించకూడదు" అన్న వాక్యంలో 'మించు' అనే మాట చూడగానే చెయ్యి > వైపు పోతుంది. 50 ఉంటే మించినట్టా? కాదు. కాబట్టి 50 కూడా చెల్లుతుంది, ≤ 50. "తగ్గకూడదు" దగ్గరా ఇదే గోల: 'తగ్గు' వినబడగానే < పెట్టేస్తారు.

నాకిష్టమైన మాట "పైచిలుకు". వంద పైచిలుకు అంటే వంద కాదు, వంద దాటి ఇంకొంత. కచ్చితంగా > 100. ఒక్క మాటలో ఇంత స్పష్టత పాఠ్యపుస్తకం వాక్యాల్లో కూడా ఉండదు.

"లోపు", "మధ్య" మాత్రం నమ్మదగినవి కావు. "10 లోపు సంఖ్యలు చెప్పు" అంటే కొందరు పిల్లలు 10 కూడా చెబుతారు. "5, 10 మధ్య" అంటే చివర్లు కలిపినట్టా కాదా? లెక్కలో ఈ మాటలు వస్తే పక్కన "కలుపుకుని" అని ఉందేమో చూడండి. లేకపోతే చివర్లు కలపకండి. "నుంచి... వరకు", "నుంచి... దాకా" అంటే మాత్రం రెండు చివర్లూ కలిసినట్టే లెక్క.

సందేహం వస్తే చిన్న పరీక్ష ఉంది. ఆ చివరి సంఖ్యనే షరతులో పెట్టి అడగండి. సరిగ్గా 12 నిండిన పిల్లాడికి అరటికెట్ ఇస్తారా? ఇవ్వరు. అయితే 12 దగ్గర సమానం గీత పెట్టకూడదు. ఈ ప్రశ్న వేసుకునే అలవాటు ఉన్నవాడు గుర్తు తప్పడం నేను చూడలేదు.

ఒక్కో షరతునూ సంఖ్యారేఖ మీద పెట్టడం

అడ్డంగా గీత గీసి, మధ్యలో 0, కుడివైపు ధన సంఖ్యలు, ఎడమవైపు రుణ సంఖ్యలు గుర్తించాలి. య > 2 గీయాలంటే 2 దగ్గర ఖాళీ సున్నా చుట్టి, అక్కడి నుంచి కుడివైపు ముదురు గీత గీసి, చివర బాణం గుర్తు పెట్టాలి. య ≥ 2 అయితే ఆ సున్నాను పెన్సిల్‌తో నింపేయాలి. గుర్తు కింద గీత ఉంటే నిండు చుక్క, లేకపోతే ఖాళీ చుక్క. < లేదా ≤ అయితే ముదురు గీత ఎడమవైపు పోతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ నియమం చరరాశి, అంటే మన య, ఎడమ పక్కన ఉన్నప్పుడే పనిచేస్తుంది. 7 > య అని ఇస్తే, > చూసి కుడివైపు గీసేవాళ్లు క్లాసుకు నలుగురైదుగురు ఉంటారు. దాన్ని ముందు య < 7 అని తిరగరాసుకుని, ఆ తర్వాతే పెన్సిల్ పట్టుకోండి.

"మరియు": రెండు గీతలూ పడిన చోటు

నిజానికి మనం మాటల్లో "మరియు" వాడం. నువ్వూ నేనూ అంటాం, పాలూ పెరుగూ అంటాం, దీర్ఘంతోనే పని జరిపిస్తాం. కానీ లెక్కలో "మరియు" అనే మాట బరువైనదే: రెండు షరతులూ ఒకే సంఖ్యకు, ఒకేసారి నిజం కావాలి.

లెక్క: 2య + 1 > 5 మరియు 3య − 4 ≤ 11

మొదటిది: 2య > 4, అంటే య > 2.
రెండోది: 3య ≤ 15, అంటే య ≤ 5.

ఇప్పుడు ఒకే రేఖ మీద అన్నీ కుక్కకండి. ఒకదాని కింద ఒకటి మూడు సంఖ్యారేఖలు గీయండి, అంకెలు నిలువుగా ఒకే వరసలో ఉండేలా. పై రేఖ మీద య > 2, దాని కింద య ≤ 5. మూడోది జవాబుకు. పై రెండు రేఖల మీదా ముదురు గీత ఎక్కడ ఉందో, అంతవరకే మూడో రేఖ మీదకు దింపాలి.

←────○━━━━━━━━━→ (2 దగ్గర ఖాళీ చుక్క, కుడివైపు)
←━━━━━━━━●────→ (5 దగ్గర నిండు చుక్క, ఎడమవైపు)
←────○━━━●────→ (జవాబు: 2కూ 5కూ మధ్య ముక్క, 5 కలిపి)

మూడు రేఖలు గీయడం టైమ్ వేస్ట్ అని పిల్లలు గొణుగుతారు. మొదటి పది లెక్కలకు గీయమంటాను. ఆ తర్వాత ఎలాగూ మనసులోనే గీసేసుకుంటారు.

జవాబును య > 2 మరియు య ≤ 5 అని రాయొచ్చు, లేదా ఒకే గొలుసుగా 2 < య ≤ 5 అనీ రాయొచ్చు. గొలుసు చదివేటప్పుడు నడుమ నుంచి చదవండి: "య అనేది 2 కంటే ఎక్కువ, 5కు మించదు." ఎడమ నుంచి చదివితే "2 అనేది య కంటే తక్కువ..." అని మొదలై, నాలుక మడతపడుతుంది.

గొలుసు రాయడానికి మూడు నియమాలు. చిన్న సంఖ్య ఎడమన, పెద్దది కుడిన ఉండాలి, సంఖ్యారేఖ మీద ఉన్నట్టే. రెండు గుర్తులూ ఒకే వైపు తిరిగి ఉండాలి, 2 < య > 5 లాంటిది అర్థం లేని రాత. ఇక మూడోది: మధ్యలోని య ని వేలితో మూసి చూస్తే మిగిలిన వాక్యం నిజం కావాలి. 2 < 5, నిజమే. 8 < య < 3 లో య ని మూస్తే 8 < 3 వస్తుంది. అంటే అలాంటి సంఖ్యే లేదన్నమాట.

రెండు షరతులూ ఒకే వైపు చూస్తుంటే గొలుసు అక్కర్లేదు. య > 2 మరియు య > 5 అంటే య > 5, అంతే. 5 దాటినవాడు 2 ఎప్పుడో దాటాడు.

గొలుసును విప్పడం

−1 ≤ 5 − 2య < 9 అని ఇచ్చారనుకోండి. దీన్ని రెండు ముక్కలు చేసి విడిగా సాధించొచ్చు. లేదా మూడు భాగాలకూ ఒకే పని చేస్తూ, నడుమ య ఒంటరిగా మిగిలేదాకా పోవచ్చు. రెండోదే పొట్టి దారి.

మూడు భాగాల నుంచీ 5 తీసేస్తే: −6 ≤ −2య < 4
మూడింటినీ −2 తో భాగిస్తే: 3 ≥ య > −2
చిన్నది ఎడమకు వచ్చేలా తిప్పి రాస్తే: −2 < య ≤ 3

రుణ సంఖ్యతో భాగించినా గుణించినా గుర్తు తిరగబడుతుందని అందరూ బట్టీ పడతారు. ఎందుకో ఒక్కసారి చూస్తే మళ్లీ మరచిపోరు. 2 < 5 నిజం. రెంటినీ −1 తో గుణిస్తే −2, −5 వస్తాయి. సున్నా దగ్గర అద్దం నిలబెట్టినట్టు ప్రతి సంఖ్యా అవతలి వైపు అంతే దూరానికి పోయింది. సున్నాకు దూరంగా ఉన్న 5 ఇప్పుడు ఎడమన దూరంగా ఉంది. కుడిన ఉన్నది ఎడమకు పోయింది కాబట్టి −2 > −5. గొలుసులో రెండు గుర్తులుంటాయి, రెండూ తిరగబడాలి. ఒకటి తిప్పి రెండోది మరచిపోతే 3 ≥ య < −2 లాంటి వింత వస్తుంది. గుర్తులు చెరోవైపు చూస్తున్నాయంటే అక్కడే తప్పు జరిగిందని తెలిసిపోతుంది.

తిప్పి రాసేటప్పుడు ఇంకో మోసం ఉంది. 3 ≥ య > −2 లో సమానం గీత 3 దగ్గర ఉంది. తిప్పాక కూడా 3 దగ్గరే ఉండాలి. గుర్తులను ఉన్నచోటే ఉంచి సంఖ్యలను మాత్రం అటూ ఇటూ మార్చేవాళ్లు −2 ≤ య < 3 అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. సరిచూడడానికి రెండు చివర్లనూ మొదటి లెక్కలోనే పెట్టండి. య = 3 అయితే 5 − 6 = −1, ఇది చెల్లుతుంది. య = −2 అయితే 5 + 4 = 9, కానీ 9 < 9 కాదు, చెల్లదు. మధ్యలోంచి 0 పెడితే 5 వస్తుంది, −1కీ 9కీ నడుమే ఉంది. మూడు విలువలు పెట్టి చూడడానికి అర నిమిషం చాలు.

చరరాశి ఒకటి కంటే ఎక్కువ భాగాల్లో ఉంటే పొట్టి దారి కుదరకపోవచ్చు. 2య − 1 < య + 4 ≤ 3య + 10 తీసుకోండి. ఏం తీసేసినా ఎక్కడో ఒక చోట య మిగులుతూనే ఉంటుంది. అప్పుడు విడగొట్టడమే మేలు. 2య − 1 < య + 4 నుంచి య < 5. య + 4 ≤ 3య + 10 నుంచి −6 ≤ 2య, అంటే య ≥ −3. రెండూ కలిపితే −3 ≤ య < 5.

టీకాల ఫ్రిజ్, ఒక నిజమైన గొలుసు

పిల్లలకు వేసే టీకాల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. రెండు చివర్లూ కలుపుకునే. థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో ఉంటే ముల్లు ఎక్కడెక్కడ ఉండొచ్చు? ఫారన్‌హీట్ విలువను "ఫ" అనుకుందాం. సెల్సియస్ విలువ 5(ఫ − 32)/9 కదా.

2 ≤ 5(ఫ − 32)/9 ≤ 8
9 తో గుణిస్తే: 18 ≤ 5(ఫ − 32) ≤ 72
5 తో భాగిస్తే: 3.6 ≤ ఫ − 32 ≤ 14.4
32 కలిపితే: 35.6 ≤ ఫ ≤ 46.4

గ్రాఫ్‌లో 35.6 దగ్గర, 46.4 దగ్గర నిండు చుక్కలు, నడుమ ముదురు గీత. ఇలాంటి దశాంశాలు వచ్చినప్పుడు సంఖ్యారేఖను 0 నుంచి మొదలెట్టి ఒక్కో అంకే వేయనక్కర్లేదు. 30, 35, 40, 45, 50 అని ఐదేసి చొప్పున గుర్తిస్తే చాలు.

మాటల లెక్కల్లో జవాబు వచ్చాక ఇంకొక్క చూపు చూడాలి. ఒక విద్యార్థికి మూడు పరీక్షల్లో 62, 71, 78 వచ్చాయి. నాలుగూ కలిపి సగటు కనీసం 70 ఉండి 80 చేరకుండా ఉంటే బీ గ్రేడ్. నాలుగో పరీక్షలో ఎన్ని రావాలి? మూడింటి మొత్తం 211.

70 ≤ (211 + య)/4 < 80
280 ≤ 211 + య < 320
69 ≤ య < 109

బీజగణితం ఇక్కడితో ఆగిపోతుంది. కానీ పరీక్షకు 100 మార్కులే. 109 దాకా గీత గీస్తే పేపర్ దిద్దేవాళ్లు నవ్వుకుంటారు. కాబట్టి 69 ≤ య ≤ 100. గమనించారా, కుడి చివర ఖాళీ చుక్క పోయి నిండు చుక్క వచ్చింది. వందకు వంద తెచ్చుకున్నా అతనికి వచ్చేది బీ గ్రేడే, పాపం.

"లేదా": ఏ ఒక్క గీత పడినా చాలు

లెక్క: 3య + 2 < −4 లేదా 2య − 5 ≥ 1

మొదటిది 3య < −6, య < −2. రెండోది 2య ≥ 6, య ≥ 3.

మళ్లీ మూడు రేఖలే. తేడా ఏమిటంటే, పై రెంటిలో ఏ ఒక్క దాని మీద ముదురు గీత ఉన్నా మూడో రేఖ మీదకు దింపేయాలి.

←━━━○────────●━━━→ (−2 కంటే తక్కువ, లేదా 3, ఆపైన)

జవాబు రెండు ముక్కలుగా, నడుమ ఖాళీతో వస్తుంది. దీన్ని గొలుసుగా రాయకూడదు. 3 ≤ య < −2 అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వేలితో య ని మూసి చూడండి: 3 < −2 అని వస్తుంది. గొలుసులో "మరియు" దాగి ఉంటుంది, "లేదా"కు అందులో చోటు లేదు. కాబట్టి య < −2 లేదా య ≥ 3 అని పూర్తిగా రాయాల్సిందే.

లెక్కలో "లేదా" అంటే రెండూ నిజమైనా అభ్యంతరం లేదు. హోటల్లో "కాఫీయా, టీయా" అంటే ఒకటే తెస్తారు. ఇక్కడ అలా కాదు. య < 4 లేదా య ≥ 1 తీసుకుంటే 2 అనే సంఖ్య రెంటిలోనూ ఉంది, అయినా సరే, అది జవాబులో భాగమే. ఈ రెండు గీతలూ కలిస్తే సంఖ్యారేఖ అంతా నిండిపోతుంది. జవాబు: వాస్తవ సంఖ్యలన్నీ. అవే షరతులను "మరియు"తో కలిపితే 1 ≤ య < 4 మాత్రమే. ఒక్క మాట మారిస్తే అంత తేడా.

ఇక తెలుగులో ఉన్న అసలు చిక్కు. "5 ఏళ్ల లోపు వాళ్లకూ, 60 దాటిన వాళ్లకూ ప్రవేశం ఉచితం" అని ఎగ్జిబిషన్ గేటు దగ్గర బోర్డు ఉందనుకోండి. రెండు చోట్లా దీర్ఘం ఉంది, అంటే "మరియు" అనిపిస్తుంది. వ < 5 మరియు వ > 60 అని రాస్తే ఏమవుతుంది? అలాంటి మనిషి పుట్టలేదు, గేటు దగ్గర ఎవరికీ ఉచితం లేనట్టే! ఇక్కడ దీర్ఘం కలిపింది మనుషుల గుంపులను, షరతులను కాదు. ఒక్క మనిషిని గేటు దగ్గర నిలబెట్టి అడగండి: ఇతని వయసు రెండు షరతుల్లోనూ ఉండాలా, ఏదో ఒకదానిలో ఉంటే చాలా? ఒకటి చాలు. కాబట్టి వ < 5 లేదా వ > 60. "ఆదివారాలూ పండగలూ సెలవు" అన్నా ఇంతే. ఆదివారం పండగ వస్తేనే సెలవంటే ఎవరూ ఊరుకోరు. మాటల లెక్కలో "మరియు" కనబడిందని "మరియు" రాసేయకుండా, ఒక్క మనిషి లేదా ఒక్క సంఖ్య పేరుతో ఈ ప్రశ్న వేసుకోండి.

చివరి చుక్క దగ్గర గొడవలు

రెండు షరతులూ ఒకే సంఖ్య దగ్గర కలిసినప్పుడు ఏ చుక్క పెట్టాలి? మూడో రేఖ మీదకు దింపే నియమమే చుక్కకూ వర్తిస్తుంది. య ≥ 2 మరియు య > 2 అంటే, 2 మొదటిదానిలో ఉంది, రెండోదానిలో లేదు. ఒకదానిలోనే ఉంటే చాలదు కాబట్టి ఖాళీ చుక్క. "లేదా" అయితే ఒకదానిలో ఉంటే చాలు, నిండు చుక్క.

3 అనే ఒక్క సంఖ్యతో ఎన్ని ఆటలాడొచ్చో చూడండి. య ≤ 3 మరియు య ≥ 3 అయితే జవాబు ఒకే ఒక్క చుక్క, 3. య < 3 మరియు య ≥ 3 అయితే ఏమీ లేదు, శూన్య సమితి, రేఖ మీద ఒక్క గీతా పడదు. య < 3 లేదా య > 3 అయితే 3 దగ్గర చిన్న చిల్లు తప్ప రేఖ అంతా నిండుతుంది. య ≤ 3 లేదా య > 3 అయితే ఆ చిల్లు కూడా పూడిపోతుంది. ఈ నాలుగూ చూడకుండా చెప్పగలిగితే ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

జవాబు శూన్యం వచ్చినప్పుడు పిల్లలు టెన్షన్ పడి, ఎక్కడో తప్పు చేశామనుకుని లెక్కంతా కొట్టేస్తారు. కొట్టేయకండి. "సాధన లేదు" అనేది కూడా పూర్తి జవాబే.

గ్రాఫ్ ఇచ్చి అసమీకరణం రాయమంటే

ఇది వెనక్కి నడవడం. గీసిన ముక్క ఒకటే ఉండి దానికి రెండు చివర్లుంటే గొలుసు. రెండు ముక్కలు చెరోవైపు బాణాలతో పోతుంటే "లేదా". చివర్ల దగ్గర చుక్క ఖాళీయా నిండా చూసి గుర్తు ఎంచుకోవాలి. −4 దగ్గర నిండు చుక్క, 1 దగ్గర ఖాళీ చుక్క, నడుమ గీత ఉంటే −4 ≤ య < 1. −4 నుంచి ఎడమకూ 1 నుంచి కుడికీ గీతలుండి చుక్కలు అవే అయితే య ≤ −4 లేదా య > 1.

దీన్నే అంతరాలుగా రాయమనీ అడుగుతారు. నిండు చుక్కకు చదరపు బ్రాకెట్, ఖాళీ చుక్కకు గుండ్రటి బ్రాకెట్: మొదటిది [−4, 1), రెండోది (−∞, −4] ∪ (1, ∞). అనంతం దగ్గర ఎప్పుడూ గుండ్రటి బ్రాకెటే, అక్కడికి చేరే సంఖ్య ఏదీ లేదు కనుక. "లేదా"కు ∪, అంటే సమ్మేళనం. "మరియు"కు ∩, అంటే ఛేదనం.

మాడ్యులస్ వస్తే

మాడ్యులస్ అంటే దూరం, అంతే. |య| < 4 అంటే సున్నా నుంచి 4 కంటే తక్కువ దూరంలో ఉన్న సంఖ్యలు: −4 < య < 4. |య| > 4 అంటే అంతకంటే దూరంగా ఉన్నవి, అటు వైపైనా ఇటు వైపైనా: య < −4 లేదా య > 4. "తక్కువ" అయితే గొలుసు, "ఎక్కువ" అయితే "లేదా".

|2య − 3| < 7 అయితే −7 < 2య − 3 < 7, దాన్ని విప్పితే −2 < య < 5. |2య − 3| ≥ 7 అయితే 2య − 3 ≤ −7 లేదా 2య − 3 ≥ 7, అంటే య ≤ −2 లేదా య ≥ 5. |2య − 3| < −1 అని ఇస్తే పెన్ను కింద పెట్టేయండి, దూరం రుణం కాదు కనుక సాధన లేదు.

వెనక్కి వెళ్లడం ఇంకా సరదా. క్రికెట్ నియమాల ప్రకారం పురుషుల మ్యాచ్‌లో కొత్త బంతి బరువు 155.9 గ్రాములకు తగ్గకూడదు, 163 గ్రాములకు మించకూడదు. బరువు "బ" అయితే 155.9 ≤ బ ≤ 163. దీన్ని మాడ్యులస్‌గా రాయాలంటే నడిమి బిందువు కావాలి: (155.9 + 163)/2 = 159.45. అక్కడి నుంచి ఒక్కో చివరకూ దూరం 3.55. కాబట్టి |బ − 159.45| ≤ 3.55. నడిమి బిందువు ఎంత, ఎంత తేడా ఒప్పుకుంటాం, రెండూ ఒకే వరసలో కనబడతాయి.

"కాదు" అంటే ఏమవుతుంది?

తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం పీహెచ్ విలువ 6.5 నుంచి 8.5 దాకా ఉండాలి. పీహెచ్‌ను "ప" అంటే 6.5 ≤ ప ≤ 8.5. మరి ఈ ప్రమాణానికి అందని నీళ్లకు అసమీకరణం ఏది? గ్రాఫ్ గీసి చూడండి. గీత ఉన్న చోట తుడిచేసి, లేని చోట గీయాలి. నిండు చుక్కలు ఖాళీ అవుతాయి, ఎందుకంటే 6.5 ఉన్న నీళ్లు ప్రమాణంలోనే ఉన్నాయి. జవాబు: ప < 6.5 లేదా ప > 8.5. "మరియు" పోయి "లేదా" వచ్చింది, ≤ పోయి > వచ్చింది. స్టెబిలైజర్ కరెంటు కట్ చేసేదీ ఇలాంటి "లేదా"తోనే: వోల్టేజ్ ఒక హద్దుకు తగ్గినా, ఇంకో హద్దు దాటినా.

చేసి చూడడానికి నాలుగు లెక్కలు ఇస్తున్నాను. జవాబులు చూడకముందు మూడు రేఖలూ గీయండి.

ఒకటి: 4 < 3య + 1 ≤ 13.
రెండు: 1 − య > 4 లేదా 2య + 3 > 9.
మూడు: 5య − 2 ≤ 8 మరియు 4 − య < 1.
నాలుగు: కొండ మీదకు వెళ్లే వ్యాన్‌లో డ్రైవర్ కాకుండా కనీసం 6 మంది ఉంటేనే కదులుతుంది, 11 మందిని మించి ఎక్కించరు. ప్రయాణికుల సంఖ్యకు గ్రాఫ్ గీయండి.

మొదటిది 1 < య ≤ 4. రెండోది య < −3 లేదా య > 3. మూడోదానిలో య ≤ 2, య > 3 వస్తాయి, రెండూ కలిసే చోటు లేదు కాబట్టి సాధన లేదు. నాలుగోది 6 ≤ య ≤ 11, కానీ ముదురు గీత గీశారా? గీస్తే ఆరున్నర మంది కూడా ఎక్కినట్టే. మనుషుల్ని లెక్కపెడుతున్నాం కాబట్టి గీత ఉండదు. 6, 7, 8, 9, 10, 11 దగ్గర విడివిడిగా ఆరు నిండు చుక్కలు మాత్రమే.